ఖాళీ హుక్కు

*మంచం పక్క కుర్చీలోంచి*

తమ్ముడికి,

మంగళవారం పొద్దున్న ఏడింటికి నన్ను క్రేన్ ఎక్కనివ్వకుండా వెనక్కి పంపేశారు.

అసలు సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలని నీ పత్రికలో కొత్తవాళ్ళకి నేర్పుతుంటావు కదా, అందుకని అలా మొదలుపెట్టాను. మిగతాది తీరిగ్గా చదువు.

మోకాలి కట్టు విప్పాక, పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరు కాగితం రాసిచ్చాడు. అది పట్టుకుని సైటుకి వెళ్ళాను. సేఫ్టీ ఆఫీసరు దాన్ని చదివి, మర్యాదగా మడిచి నా చేతికిచ్చి, "మొదటి మజిలీ దాకా ఎక్కి చూపించండి మేడమ్" అన్నాడు. టవర్ క్రేన్ స్తంభం లోపల నిలువు నిచ్చెన ఉంటుంది. అక్కడక్కడా ఆగి ఊపిరి తీసుకోవడానికి ఇనప పలకలుంటాయి. వాటినే మేం మజిలీలంటాం. మొదటి మజిలీకి సగం దూరంలో కాలు వణికింది. నేను గమనించనట్టు నటించాను. ఆయన నటించలేదు.

మూడు నెలలు గడువిచ్చాడు. ఆలోగా కింద నుంచి పైన ఆపరేటర్ గది దాకా ఒక్కదాన్నే ఎక్కి, ఒక్కదాన్నే దిగితే క్రేన్ నాది. లేకపోతే స్టోరు గదిలో కుర్చీ. పొద్దున్న చేతి తొడుగులు ఇవ్వడం, సాయంత్రం వాపసు తీసుకోవడం. ఆ గదికి కిటికీ కూడా లేదు.

ఇరవై ఏళ్ళు మబ్బుల పక్కన కూర్చున్నదాన్ని, పడింది మాత్రం మా బాత్రూంలో, సబ్బు మీద. సైట్లో ఇప్పుడు ఇదే జోకు. "మేడమ్‌కి ఎత్తు సరిపోలేదు, అందుకే పడ్డారు" అంటున్నారట.

ఫిజియో అమ్మాయి వ్యాయామాలు చెప్పింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, సగంలో ఆగడం, మెట్లెక్కడం. చేయబుద్ధి కావడం లేదురా. నొప్పి వల్ల కాదు. నొప్పి అయితే చెప్పుకోవడానికి బాగుండేది. లేవాలని తెలుసు. లేవను. మధ్యాహ్నమైపోతుంది. నాకు చూపించడానికని మీ బావ ముందు తనే చేస్తున్నాడు. ఆయన పొట్ట తగ్గింది.

నీ అక్క

*వార్తల డెస్కు దగ్గర్నుంచి*

అక్కకి,

ఉత్తరం అందింది. మొదటి వాక్యానికి నూటికి నూరు మార్కులు.

మా ఆరోగ్యం పేజీ చూసే ఆవిడని అడిగాను. ఆవిడ ఇద్దరు డాక్టర్లని అడిగింది. మోకాలి పైన కండ వాడకపోతే చాలా త్వరగా సన్నబడుతుందట. మళ్ళీ రావడానికి పోయినంత కాలం కంటే ఎక్కువే పడుతుందట. కాబట్టి గడువు నువ్వనుకున్నంత పెద్దదేమీ కాదు. చేయాలనిపించని రోజు కోసం ఏం చెయ్యాలో కూడా అడిగాను. వేళ తప్పకుండా చెయ్యాలట. రాత్రే చెప్పులు మంచం పక్కన పెట్టుకోవాలట. చేసిన ప్రతిరోజూ కేలండర్ మీద టిక్కు పెట్టుకోవాలట. మొదలుపెడితే చాలు, తర్వాత ఉత్సాహం దానంతటదే వస్తుందట.

ఇవన్నీ రుజువైన సంగతులే. పాటించు. నేను కూడా పాటించాల్సిందే గానీ, డెస్కుకి మార్చాక లేవడానికి తీరిక దొరకడం లేదు. రేపటి నుంచి చూడాలి.

బావని అభినందించానని చెప్పు.

తమ్ముడు

*అదే కుర్చీలోంచి*

తమ్ముడికి,

చెప్పులు మంచం పక్కనే ఉన్నాయి. అవి నన్ను చూస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను. కేలండర్ మీద టిక్కులు పెట్టాను. అన్నీ మీ బావవే.

కూర్చునే ఉద్యోగం చేసేవాడు నిలబడమని ఉత్తరం రాస్తే కాళ్ళు వినవురా. కోపం తెచ్చుకోకు. అసలు నాకే అర్థం కావడం లేదు. నేను బద్ధకస్తురాలినా? వానలో, ఎండలో, జ్వరంలో ఎక్కాను. ఎక్కనని ఒక్కనాడైనా అన్నానా? ఇంట్లో కుర్చీలోంచి లేవడానికి ఇంత భారమేమిటి?

ఎక్కువ రాయలేను. రాయాలనిపించడం కూడా లేదు.

అక్క

*డెస్కు దగ్గర్నుంచి*

అక్కకి,

సలహాలు వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటే ప్రశ్న. బావ ఫోన్ చేశాడు. ఫిజియో అమ్మాయి వచ్చినప్పుడు "రోజూ చేస్తోంది" అని నువ్వు ఆయన చేత చెప్పిస్తున్నావట. నిజమేనా? అబద్ధం చెప్పేటప్పుడు తన చెవులు ఎర్రబడతాయని ఆయన బాధ.

తమ్ముడు

*ముందు గది నుంచి*

తమ్ముడికి,

నిజమే. ఇక అవసరం లేదు. ఎందుకో చెప్తాను, వరసగా విను.

ఆదివారం మా సిగ్నల్ ఆయన చూడడానికి వచ్చాడు. సైట్లో అందరూ ఆయన్ని గొంతుగారు అంటారు. పైనున్న నాకు కింద సరుకు సరిగ్గా కనబడదు. ఎత్తమన్నా, దించమన్నా, ఆపమన్నా ఆయనే వైర్‌లెస్‌లో చెప్పాలి. నాకు ఆయన మొహం కంటే హెల్మెట్ పైభాగం బాగా తెలుసు. గుమ్మంలో టోపీ లేకుండా నిలబడితే మీ బావని అడిగాను, ఎవరాయన అని.

టీ తాగాం. ఫిజియో అమ్మాయి కూడా అప్పుడే వచ్చింది. కప్పులు లోపల పెడదామని లేవబోయాను. ఎప్పటిలాగే చేతులు కుర్చీ మీద ఆన్చాను. గొంతుగారు ఏదో ఆలోచనలో ఉండి, సైట్లో అన్నట్టే అన్నాడు: "మెల్లగా... పైకి."

లేచాను. చేతులు గాల్లో ఉన్నాయి.

"ఆపు" అన్నాడు, ఈసారి నవ్వుతూ. సగంలో ఆగాను. కూర్చోలేదు, నిలబడలేదు. తొడ మండిపోతోంది, అయినా అక్కడే ఉన్నాను. ఫిజియో అమ్మాయి నోట్లో బిస్కెట్ అలాగే ఉండిపోయింది. "నెల్లాళ్ళుగా నేను అడుగుతున్నది ఇదేనండీ" అంది.

"కొంచెం పైకి. ఇంకొంచెం. అయిపోయింది" అన్నాడు గొంతుగారు. నిలబడ్డాను.

మీ బావ కప్పులు తనే అందుకున్నాడు. తర్వాత, "నేను ఇన్నాళ్ళూ బతిమాలాను కదే" అన్నాడు.

"మీరు బతిమాలారు సార్. సిగ్నల్ ఇవ్వలేదు" అన్నాడు గొంతుగారు.

ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదురా. మా పనిలో మొదటి రోజు నేర్పేది ఒకటే. సిగ్నల్ లేకుండా చెయ్యి కదపకూడదు. కదిపితే కింద మనిషి పోతాడు. ఇరవై ఏళ్ళు అలా కూర్చున్నాను, చేతులు రెండూ లీవర్ల మీద పెట్టుకుని, గొంతు కోసం ఎదురుచూస్తూ. ఈ కుర్చీలో కూడా అదే చేస్తున్నాను. బద్ధకం అనుకున్నాను.

ఇప్పుడు ఆయన రోజూ పొద్దున్న పనిలోకి దిగేముందు ఫోన్ చేస్తాడు. స్పీకరు పెట్టుకుంటాను. మొదట అడుగుతాడు, "ఇవాళ బరువుందా, ఖాళీ హుక్కా?" రోజూ సరుకు ఎత్తేముందు ఒట్టి హుక్కుని ఒకసారి పైకీ కిందకీ తిప్పి చూస్తాం, తాడూ బ్రేకూ సరిగా ఉన్నాయో లేదో అని. దానికి బలం అక్కర్లేదు. అయినా ఆ పని చేయకుండా రోజు మొదలవదు. చేయాలని లేని రోజు "ఖాళీ హుక్కు" అంటాను. "సరే, ఖాళీయే. మెల్లగా పైకి" అంటాడు. లేస్తాను, గుమ్మం దాకా వెళ్తాను, వెనక్కొస్తాను. అంతే. ఎందుకు లేదని అడగడు.

ఒక్క చిక్కుంది. "ఆపు" అని ఎవరన్నా ఆపాల్సిందే, అది మా నియమం. మీ బావ భయపడి మాటిమాటికీ "ఆగు, ఆగు" అంటున్నాడు. ఆగిపోతున్నాను. వ్యాయామం వేళ ఆయన్ని వంటింట్లో కూర్చోబెడుతున్నాం.

నువ్వు మాత్రం లేచావా?

అక్క

*నా గది నుంచి, మంచం మీద పడుకుని*

అక్కకి,

నిన్న టవర్ క్రేన్ ఎక్కాను.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు లేక, ఇక్కడ కడుతున్న ఆసుపత్రి సైటు వాళ్ళని వార్త కోసమని అనుమతి అడిగాను. హెల్మెట్, నడుముకి బెల్టు ఇచ్చారు. నా వెనకే ఒక మనిషి వచ్చాడు.

మొదటి మజిలీకి చొక్కా తడిసింది. రెండో దాని దగ్గర, ఇప్పుడు దిగిపోతే ఏమనుకుంటారు అని లెక్కవేశాను. మూడో దాని దగ్గర ఆ లెక్క కూడా పోయింది. ఇనుము వేళ్ళకి చల్లగా తగలడం, తర్వాతి మెట్టు, అంతే మిగిలాయి. ఒక చోట శబ్దాలు ఆగిపోయాయి. కింద మిక్సర్లు తిరుగుతున్నాయి, కనబడుతున్నాయి, వినబడవు. ఒక పక్షి నా కంటే కిందుగా ఎగిరింది. పక్షి వీపు నేను అంతకుముందు చూడలేదు.

పైన ఆపరేటర్ నన్ను తన సీటు వెనక నిలబెట్టాడు. కాళ్ళ కింద అద్దం. ఇనప కడ్డీల కట్ట ఒకటి ఎత్తాడు. బరువు నేల విడిచిన క్షణంలో క్రేన్ మొత్తం ముందుకి వంగింది, మాతో సహా. అతను పట్టించుకోలేదు. దించినప్పుడు వెనక్కి వచ్చింది. ఆ కట్టని సైటు ఆ చివర, తనకి కనిపించని చోట, ఒక గొంతు చెబుతుంటే, పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు దించాడు. తర్వాత జేబులోంచి శనగలు తీసి నాకిచ్చాడు. నా నోరు తడారిపోయి నమలలేకపోయాను.

"రోజూ ఎక్కాలనిపిస్తుందా?" అని అడిగాను.

"ఎవరికనిపిస్తుందండీ? మొదటి మజిలీ దాకా కాళ్ళు తిడతాయి. తర్వాత తిట్టి లాభం లేదని ఊరుకుంటాయి."

పని ముగిశాక అతను ఒక మీట లాగి బ్రేకు వదిలాడు. క్రేన్ చెయ్యి తనంతట తానే మెల్లగా పక్కకి జరిగింది. కంగారుపడి సీటు పట్టుకున్నాను. ఊరివైపు చూడమన్నాడు. చూశాను. ఎక్కడెక్కడి సైట్లలోనో ఉన్న క్రేన్లన్నీ చేతులు ఒకే దిక్కుకి చాచి నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి ఈ ఊరిలో వార్తలు రాస్తున్నాను. ఒక్కసారి తలెత్తి ఉంటే కనబడేది. "రాత్రికి గాలి ఎటు తిప్పితే అటు తిరగాలండీ. కట్టేస్తే పడిపోతుంది" అన్నాడు.

ఇతరుల వార్తల్లో విశేషణాలు కొట్టేయడం నా పని. నిన్న నాకు ఒకటి కావలసి వచ్చింది, దొరకలేదు. దిగాక సైటు ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరో వచ్చి నీళ్ళిచ్చారు.

అక్కా, నువ్వు ఇరవై ఏళ్ళుగా "డ్యూటీకి వెళ్ళొస్తా" అని చెప్పి వెళ్తున్నది అక్కడికా? సాయంత్రం ఇంటికొచ్చి కూరగాయలు తరిగేదానివి. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఉద్యోగంలో కష్టాలు చెప్పేవాణ్ణి, నువ్వు వినేదానివి.

తొడలు పట్టేశాయి. ఇవాళ సెలవు పెట్టాను.

తమ్ముడు

*మెట్ల మలుపులోంచి*

తమ్ముడికి,

ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో. లేవలేక ఇక్కడ కూర్చున్నాను. కంగారుపడకు, కథ మంచిదే.

ఇవాళ పొద్దున్న గాలి మొదలైంది. గొంతుగారి ఫోన్ రాలేదు. గాలి రోజున సైట్లో రేకులూ చెక్కలూ కట్టుకోవడమే సరిపోతుంది, తెలుసు. అయినా ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు పోయింది. ఖాళీ హుక్కు కూడా లేదు ఇవాళ అనుకున్నాను.

వరండాలోకి వెళ్ళి చూశాను. నువ్వు చూసినట్టే, క్రేన్లు తిరుగుతున్నాయి. గాలి దిక్కు మారినప్పుడల్లా ఒకటి తర్వాత ఒకటి. నాది కనబడలేదు. మా ఎదుటి భవనం అడ్డం. నా బదులు కూర్చుంటున్నాయన పనితనం నాకు తెలియదు. నిన్న దిగేముందు బ్రేకు వదిలాడో లేదో తెలియదు. వదలకపోతే ఆ పొడుగు చెయ్యి గాలికి అడ్డం నిలబడుతుంది. నిలబడితే ఏమవుతుందో నీకు చెప్పాడు కదా ఆ ఆపరేటర్. దాని కిందే గుడిసెల్లో మావాళ్ళు ఉంటారు.

సైటుకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. పై అంతస్తు కిటికీలోంచి కనబడుతుందేమోనని ఎక్కాను. కనబడలేదు. ఇంకో అంతస్తు ఎక్కాను. నీళ్ళ ట్యాంకు అడ్డం వచ్చింది. డాబా మీదికి పోయాను.

అన్నీ తిరిగాయి. నాది తిరగలేదు.

పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. నోట్లోంచి మాట వచ్చింది, "మెల్లగా... ఎడమకి" అని. నేను పైనా, అది దూరంగానూ, ఎవరు ఎవరికి చెప్తున్నట్టు? గాలి ఇంకాస్త పెరిగింది. అప్పుడు కదిలింది. దానిది అన్నిటికంటే పొడుగు చెయ్యి, అందుకే అన్నిటికంటే ఆలస్యం. నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు మొత్తం తిరిగి, గాలికి వీపు పెట్టి నిలబడింది. బ్రేకు వదిలాడాయన. ఆయన పేరు కూడా అడగలేదు నేను ఇన్నాళ్ళూ.

నా క్రేన్ గాలికి తిరగడం నేనెప్పుడూ చూడలేదురా. రోజూ వదిలేది నేనే. అది తిరిగే వేళకి ఇంట్లో అన్నం తింటూ ఉంటాను. అంత ఇనుము. లోపల ఎవరూ లేరు. ఎవరూ సిగ్నల్ ఇవ్వలేదు. ఎంతసేపు చూశానో తెలియదు.

కింద నుంచి మీ బావ కేక. "ఎక్కడున్నావే?"

"పైన."

"పైనంటే?"

"పైనే."

ఆయన రొప్పుతూ వచ్చి, నన్నూ, మెట్లనీ, మళ్ళీ నన్నూ చూశాడు. "లిఫ్టు లేదు కదా" అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి నాకు గుర్తు లేదు. దిగడం మొదలుపెట్టాక మోకాలు గుర్తుచేసింది. అందుకే ఈ మలుపులో కూర్చున్నాను. మీ బావ నీళ్ళకి వెళ్ళాడు. "ఆగు" అనలేదు ఈసారి.

అక్క

*బస్సులోంచి*

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్చడానికి ఏమీ లేదు.

ఇవాళ నాకు నడవాలని లేదు. ఆఫీసుకి ఒక స్టాపు ముందు దిగుతున్నాను. ఖాళీ హుక్కే.

పరీక్ష తేదీ ఖాయమయ్యాక రాయి. సెలవు అడిగాను.

తమ్ముడు

*సైటు గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీంచి*

తమ్ముడికి,

గాలి చూసొచ్చాక రోజూ ఉత్సాహం పొంగుతోందనుకుంటున్నావేమో. మర్నాడే చేయబుద్ధి కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. ఎక్కువ రోజులు చేయబుద్ధి కావడం లేదు. కానీ ఫోన్ వచ్చేసరికి ఇప్పుడు మెట్ల దగ్గర ఉంటున్నాను. ఒకరోజు ఫోన్ మోగేసరికి డాబా మీదున్నాను. "ఎక్కడ?" అన్నాడు గొంతుగారు. చెప్పాను. "అయితే నేనేం చెప్పను?" అన్నాడు. "దిగమని చెప్పండి, దిగడమే కష్టం" అన్నాను.

మొన్నటి నుంచి మొదటి మజిలీ దాకా ఎక్కనిస్తున్నారు. నా బదులు ఉన్నాయన ఒకటే మాట అన్నాడు: "మీ సీటు వెనక్కి జరిపానండీ, నా కాళ్ళు పొడుగు. మళ్ళీ ముందుకి జరిపి ఉంచుతాను." ఆయనకి చేతులు జోడించాలనిపించింది. టీ ఇప్పించాను.

సేఫ్టీ ఆఫీసరు నియమాలు చదివి వినిపించాడు. పరీక్ష రోజు నిచ్చెన కింద ఎవరూ నిలబడకూడదు. నా దగ్గర వైర్‌లెస్ ఉండకూడదు. ఎవరూ ఏమీ చెప్పకూడదు. గొంతుగారు అది విని నావైపు చూశాడు. ఇప్పుడు ఆయన మొహం గుర్తుపడుతున్నాను. కనుబొమలు నెరిశాయి. "పొద్దున్నే ఇంటికి ఫోన్ చెయ్యనా?" అన్నాడు. ఆలోచించాను. వద్దన్నాను.

భయంగా ఉందా అని నువ్వడుగుతావు. ఉంది. ఆరోజు పొద్దున్న లేవబుద్ధి కాకపోవచ్చు, అది కూడా తెలుసు. అది చూసుకుంటాను.

పరీక్ష గురువారం. నీ రైలు బుధవారం సాయంత్రం వస్తుంది, మీ బావ స్టేషన్లో ఉంటాడు. గురువారం పొద్దున్న ఆరింటికి గాలి కొలుస్తారు. హద్దులోపల ఉంటే ఆరున్నరకి నిచ్చెన తలుపు తీస్తారు. నువ్వు రోడ్డు అవతలే నిలబడాలి.

అక్క